చప్పిడి ముద్ద

ఆనపకాయ మీద అనూరాధకి ఉన్న కోపం ఈ లోకంలో ఇంకే కాయ మీదా లేదు. అది గుమ్మం దాటి లోపలికి వచ్చిందంటే చాలు, రెండు చేతులతో నోరు మూసుకుని గోడవారకి చేరేది. ఏడేళ్ళ పిల్ల. వండకముందే కంపు కొడుతోందనేది. ఆనపకాయకి కంపేమిటని నవ్వేవాళ్ళు నవ్వచ్చు. అలా నవ్వేవాళ్ళు ఓ పూట వచ్చి ఆ పిల్లకి నాలుగు ముద్దలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

పిల్లది తప్పనడానికీ లేదు. అది పుట్టి పెరిగింది కళింగపట్నానికి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పేటలో. అక్కడ పిల్లలకి పళ్ళు రాకముందే చేప ముల్లు తీసి, మెత్తగా నలిపి నాలిక మీద పెడతారు. పొద్దున్న చద్దన్నంలోకి కాల్చిన ఎండుచేప, మధ్యాహ్నం కవళ్ళ చేపల పులుసు, రాత్రికి అదే పులుసు మరికాస్త చిక్కబడి ఇంకా బాగుంటుంది. కూరగాయలు ఆ ఇంట్లో కనబడేది కార్తీకమాసం సోమవారాల్లోనే. ఆ సోమవారాలు ఎప్పుడు అయిపోతాయా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవారు. అలాంటి ఇంటి పిల్లకి ఒళ్ళు వాచింది.

మొదట పొద్దున్నే కళ్ళు ఉబ్బి ఉండేవి. నిద్ర ఎక్కువైందనుకున్నారు. తర్వాత పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట ఎంతసేపటికీ పూడేది కాదు. శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు పద్మకుమారి పరీక్షలన్నీ చేయించి, తల్లి దేవిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. పిల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. మందులు ఒక్క పూట కూడా మానకూడదు.

"మందు సగం, పథ్యం సగం అమ్మా" అంది డాక్టరు. "ఉప్పు పూర్తిగా మానెయ్యండి. ఉప్పుచేప, ఆవకాయ, అప్పడం, ప్యాకెట్లలో వచ్చే చిప్స్, ఏవీ వద్దు. చేప ఎప్పుడైనా చిన్న ముక్క, అది కూడా ఉప్పు వెయ్యకుండా. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ అలవాటు చెయ్యండి. ఉప్పు పడితే ఒంట్లో నీరు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది. ఇంత చిన్న పిల్ల అది తట్టుకోలేదు."

దేవి ప్రతి మాటకీ తలూపింది. ఉప్పు మానడం ఎంతపని, వెయ్యకపోతే సరి అనుకుంది. బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా అలాగే అనుకుంది.

దేవి మొగుడు గంగులు వేరావల్లో ఉంటాడు. ఆ పేటలో మగవాళ్ళు సగంమంది ఏటా గుజరాత్ బోట్ల మీదకి పోతారు, వేట ఆపే రోజులకి తిరిగొస్తారు. బోటు ఒడ్డుకి చేరినప్పుడు ఫోను చేస్తాడు. లోపలికి వెళితే అంతే, మనిషి ఉన్నాడో లేడో తెలీదు. ఇంట్లో అత్త తవిటమ్మ, దేవి, పిల్ల. దేవి పేటలో చేపలు ఎండబెట్టి, పోగుచేసి, గంపకెత్తి, నరసన్నపేట సంతలో అమ్ముతుంది.

ఉప్పు మానేసిన మొదటి పూటే అనూరాధ ముద్ద ఉమ్మేసింది. చేప ముక్కని ఉప్పు లేకుండా ఉడికించి పెడితే దాన్నీ ఉమ్మేసింది. ఇక ఆనపకాయ సంగతి చెప్పక్కర్లేదు. మందులకి ఆకలి పెరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. పెరిగింది కూడా. అసలు నరకమంతా అక్కడే ఉంది. ఆకలి లేక తినని పిల్లతో పడే బాధ ఒక రకం. ఈ పిల్లకి కడుపు మండిపోతోంది, ముద్ద మాత్రం దిగదు. అన్నం అన్నం అని ఏడుస్తుంది, అన్నం తెస్తే పళ్ళు బిగించుకుంటుంది. పక్కింట్లో చేప వేగుతున్న వాసనకి గుమ్మంలోకి వెళ్ళి నిలబడుతుంది. పక్కింటివాళ్ళు మంచివాళ్ళు కాబట్టి తలుపు వేసుకునేవారు. ఆ తలుపు చూసి దేవికి ఏడుపొచ్చేది.

"పసిగుంటకి ఓ ముక్క పెడితే ఏటవుతాది? దేవుడేటి, డాక్టరేటి, నోరు కట్టీసి సంపమన్నారేటి?" అని తవిటమ్మ రోజూ సణిగేది. శ్రీముఖలింగం వెళ్ళి మొక్కుకుని కూడా వచ్చింది. అయితే మాట వరసకి అనడమే కానీ కోడలి కళ్ళు కప్పి ఒక్క ముక్క కూడా పెట్టలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పాలి. ఎందుకంటే తర్వాత పేటంతా ముసలమ్మనే అనుమానించింది.

ఆ ఇంటి వెనక వీధిలో రేఖ అని డిగ్రీ చదివే పిల్ల ఉంది. జియో వచ్చిన ఏడాది అది. రేఖ చేతిలో ఫోను అన్నం తినేటప్పుడు కూడా దిగేది కాదు. పిల్ల అవస్థ చూసి ఒకరోజు దేవికి ఒక వీడియో చూపించింది. మారాం చేసే పిల్లలకి జుకినీతో చేసే వంటలట. తెల్లటి వంటింట్లో ఒకావిడ పచ్చటి కాయని తురిమి అట్లు వేస్తోంది, గారెలు చేస్తోంది, పొడుగ్గా చీల్చి లోపల గుజ్జు తీసి పడవలు చేస్తోంది. ఆవిడ కొడుకు కెమెరా ముందు కూర్చుని లొట్టలేసుకుంటూ తిన్నాడు. వాడికి ముందురోజంతా పస్తు పెట్టి ఉంటారని తవిటమ్మ తేల్చేసింది.

దేవి ఆ కాయ కోసం తిరిగింది. నరసన్నపేట సంతలో కూరగాయలమ్మే ఆమె, "ఏటమ్మా, పురుగుమందా?" అంది. శ్రీకాకుళం రైతుబజారులో ఒకాయన దోసకాయ చూపించి ఇదే అన్నాడు. ఇంకొకాయన విశాఖలో పెద్ద షాపులకి వెళ్ళమన్నాడు. చివరికి రేఖే ఫోనులో ఇంకేదో చదివి, "అది కూడా మన ఆనపకాయ కుటుంబమేనంట పిన్నీ, దాని బదులు ఇది ఎయ్యొచ్చు" అంది. దేవికి ప్రాణం కుదుటపడింది. తిరిగి తిరిగి మళ్ళీ ఆనపకాయ దగ్గరికే వచ్చింది మరి.

తురుముపీట లేదు. కొబ్బరికోరు మీద కాయని గీకింది. ఆ తురుము బియ్యప్పిండిలో కలిపి అట్టు వేసింది. అనూరాధ అట్టుని వెలుతురుకి పట్టి చూసి, అందులో పచ్చటి పోగు కనిపెట్టి, పక్కన పెట్టేసింది. గారె చేస్తే కొరికి లోపల వెతికింది. బెల్లం వేసి పాయసంలా చేస్తే రెండు చెంచాలు తిని, మూడో చెంచాకి అనుమానం వచ్చి ఆగిపోయింది. పోలీసులు కూడా అంత శ్రద్ధగా సోదా చెయ్యరు.

పడవలు మాత్రం పిల్లకి నచ్చాయి. లేత ఆనపకాయని నిలువునా చీల్చి, గుజ్జు తీసి, అందులో అన్నం, ఉడికించిన కాయ ముక్కలు కలిపి కూరింది దేవి. చీపురుపుల్లకి పాత నోటుబుక్కు కాగితం గుచ్చి తెరచాపలా నిలబెట్టింది. అనూరాధ మొహం వెలిగింది. ఎన్నాళ్ళకో ఆ పిల్ల నవ్వడం చూసి దేవి కూడా నవ్వింది.

"ఇది నాన్న బోటు" అంది అనూరాధ.

"మరి తినెయ్యి."

"నాన్న బోటుని ఎవరైనా తినెత్తారేటి?"

బోటులోని సరుకంతా పళ్ళెంలోకి దించేసి, ఖాళీ బోటుని నీళ్ళ బేసిన్లో వదిలింది. సాయంత్రం దాకా దాన్ని వేరావల్ పంపించి వెనక్కి తెచ్చింది. అన్నం అలాగే ఎండిపోయింది. ఆ రాత్రి కూడా పిల్ల పంచదార కలిపిన మరమరాలు నాలుగు నమిలి పడుకుంది. దేవికి ఆ పడవని గోడకేసి కొట్టాలనిపించింది. చెయ్యి రాలేదు.

అలా ఆ తల్లి తల ప్రాణం తోకకి వస్తున్న రోజుల్లో ఒకటి జరిగింది. దేవి సంత నుంచి వచ్చేసరికి పిల్ల ఆకలికి సోలిపోయి ఉంది. కంగారులో చేతులు సరిగ్గా కడుక్కోకుండానే అన్నంలో ఆనపకాయ కూర కలిపి నోటికందించింది. అనూరాధ ఎప్పట్లాగే మొహం తిప్పబోయి, ఆగింది. ముద్ద తీసుకుంది. ఇంకో ముద్ద తీసుకుంది. తల్లి వేళ్ళు చప్పరించింది.

"నీ సెయ్యి బాగుందమ్మా" అంది.

దేవి తన చెయ్యి వాసన చూసుకుంది. పొద్దుటినుంచి కొలిచి పోసిన ఎండునెత్తళ్ళ వాసన. అప్పుడు ఆమెకి తట్టింది. పిల్ల వెతుక్కుంటున్నది చేప వాసనని. పుట్టి బుద్ధెరిగి ఆ వాసన లేని ముద్ద ఎరగదు. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని తన్ను తాను తిట్టుకుంది.

ఎండుచేపల్లో ఏమిటేమిటో దేవికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. పెద్ద చేపలని పొట్ట చీల్చి, తొట్టెలో నౌపడా కళ్ళుప్పు దట్టించి, ఊరాక ఎండబెడతారు. అవి ఉప్పుచేపలు. డాక్టరమ్మ వద్దన్నది వాటినే. నెత్తళ్ళు అలా కాదు. వేలెడేసి చేపలు, వాటికి ఉప్పు పట్టించే పనే లేదు. వలలోంచి దులిపి, కడిగి, ఇసకలో పరిచేస్తే ఎండకి గలగలలాడతాయి. ఉప్పు బస్తాలు కొని తెచ్చేది దేవే. నెత్తళ్ళ కోసం ఏనాడూ ఆమె ఒక్క గుప్పెడు ఉప్పు తియ్యలేదు. కాబట్టి తప్పు లేదు. ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించుకున్నా తప్పు లేదనే తేలింది.

మర్నాడు నాలుగు నెత్తళ్ళు దోరగా వేపి, తల తుంచి, రోట్లో మెత్తగా దంచింది. పల్చటి గుడ్డలో జల్లించింది. చిటికెడు పొడి ఆనపకాయ కూరలో కలిపింది. కంటికి కనబడనంత పొడి.

అనూరాధ ఆ పూట పళ్ళెం ఖాళీ చేసింది.

"ఇందుల ఏటేసావమ్మా?"

"ఏటీ నేదు. ఆనపకాయే."

"మరి బాగున్నాది?"

"మంచి కాయ దొరికినాది."

ఆ అబద్ధం ఆడుతూ దేవి ఎంత సంతోషపడిందో చెప్పలేం. పిల్ల తినని ఇంట్లో తల్లి దొంగలాగా తిరుగుతుంది. పిల్ల తిన్న పూట ఆ తల్లే మహారాణి. చిటికెడు పొడి కొన్నాళ్ళకి చెంచాడయింది. చెంచా గుప్పెడయింది. పిల్ల ఇంకా ఇంకా పెట్టమనేది, దేవి పెట్టేది. ఆనపకాయ తింటానని అనూరాధ బళ్ళో గొప్పలు చెప్పుకుంది. రేఖ ఆ తినడాన్ని వీడియో తీసి వేరావల్‌కి పంపింది. గంగులు ఒడ్డుకొచ్చినప్పుడల్లా దాన్ని చూసుకుని, బోటులో అందరికీ చూపించాడట. "నా కూతురు కూరగాయలు తింటంది రా" అని.

ఆ రోజుల్లో పిల్ల నీళ్ళు ఎక్కువ తాగేది. బిందె దగ్గరికి పదే పదే వెళ్ళేది. కడుపు నిండా తింటోంది కదా, దాహం వెయ్యదా అనుకుంది దేవి. మొహం కాస్త నిండుగా కనిపిస్తే ఒళ్ళు చేసిందనుకుని దిష్టి తీసింది. సంతోషంలో ఉన్న మనిషికి కళ్ళుంటాయి కానీ కనబడవు.

ఒక ఉదయం బడికి జడ వేస్తుంటే పిల్ల "తల నొప్పెడతంది" అంది. "వదులుగా ఏత్తాను నే" అంది దేవి. ఇంతలో చేతిలోని జడ ఒక్కసారి బిగిసి లాక్కుపోయింది. పిల్ల విరుచుకుపడింది. కళ్ళు తేలేసింది, నోటి వెంట నురగ వచ్చింది, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. తవిటమ్మ తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. పక్కింటివాళ్ళు ఆటో తెచ్చారు. శ్రీకాకుళం చేరేదాకా దేవి ఒడిలో పిల్ల ఆగి ఆగి కొట్టుకుంటూనే ఉంది.

బీపీ తలకెక్కిందన్నారు. ఇంజక్షన్లు ఇచ్చి ఎలాగో నిలబెట్టారు. పద్మకుమారి దేవిని మంచం పక్కకి పిలిచి పిల్ల ఏం తింటోందని అడిగింది.

"అన్నం, ఆనపకాయ కూరండి. ఉప్పు గింజ తగల్నివ్వనేదండి. ఎండునెత్తళ్ళ పొడి ఏత్తన్నాను, అంతే. అవి ఉప్పుచేపలు కావండి, వొట్టినే ఎండబెట్టినవి."

"వలలోంచి తీసాక వాటిని కడుగుతారు కదా. ఎక్కడ కడుగుతారమ్మా?"

"ఎక్కడేటండి, సముద్రంలోనే" అంది దేవి.

అన్నాక ఆమె నోరు అలాగే ఉండిపోయింది. గంపతో సహా ముంచి, జాడించి, తీస్తారు. ఆమె చేత్తోనే ఎన్ని వందల గంపలు ముంచిందో. ఆ నీళ్ళు ఎండలో ఇగిరిపోతాయి. ఇగిరిపోనిది ఏమిటో ప్రపంచంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పుట్టినప్పటినుంచి సముద్రంలో నిలబడ్డ మనిషికి మాత్రం అది ఉప్పని తోచలేదు. ఆమె దృష్టిలో ఉప్పంటే బస్తాలో వచ్చేది. పిల్ల వెతుక్కున్నది కూడా వాసనని కాదు.

పద్మకుమారి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "జబ్బు దానంతట అది కూడా ముదిరే రకమే అమ్మా, ఎప్పటికైనా ఇక్కడికే వచ్చేదేమో" అంది. ఆ 'ఏమో' దేవిని పట్టుకుని మరి వదల్లేదు.

ఇదంతా మంచం మీద పడుకున్న అనూరాధ విన్నది. కళ్ళు మూసుకుని ఉంటే నిద్రపోతోందనుకున్నారు. డాక్టరు వెళ్ళాక అడిగింది.

"అందుల చేపలేసావా?"

దేవి పిల్ల మీద దుప్పటి సర్దింది.

"నువ్వు ఆనపకాయే అన్నావు గదా."

"నువ్వు తినాలని ఏసానమ్మా."

"అందుకే నాకిలగైనాదా?"

దేవి పిల్ల తల నిమరబోయింది. అనూరాధ గోడవైపు తిరిగి పడుకుంది. ఆనాటినుంచి ఆ పిల్ల తల్లి చేతి ముద్ద తినలేదు. నానమ్మ పెడితే, అది కూడా నాలిక కొనతో రుచి చూసి, తెల్లన్నం కాస్త తినేది. బడికి వెళ్ళే పిల్ల కాదిప్పుడు. రోజంతా చాప మీద కూర్చుని తన పాదాల్ని వేలితో నొక్కి, గుంట పూడుతుందా లేదా అని చూసుకునేది.

ఆ తర్వాత జరిగినవి చెప్పాలంటే నోరు రాదు, చెప్పక తప్పదు. ఒంటేలు తగ్గిపోయింది. విశాఖ తీసుకెళ్ళారు. అక్కడ మిషను మీద రక్తం శుభ్రం చేశారు. పెద్దవాళ్ళే తట్టుకోలేనిది, ఆ చిన్న ఒళ్ళు ఏం తట్టుకుంటుంది. గొట్టం పెట్టిన చోట చీము పట్టింది, జ్వరం వచ్చింది, మిషనెక్కించిన ప్రతిసారీ పిల్ల గుండె బలహీనపడేది. కొన్ని వారాలకి అక్కడివాళ్ళు కాగితాలు చేతిలో పెట్టి, ఇక మీ డాక్టరమ్మకే చూపించుకోండి అన్నారు.

పద్మకుమారి కాగితాలు చదివింది. పిల్ల తల నిమిరింది. తవిటమ్మనీ దేవినీ గది బయటికి తీసుకొచ్చి, నెమ్మదిగా అంది.

"ఇంక పథ్యం పెట్టొద్దమ్మా. ఇంటికి తీసుకెళ్ళండి. ఏం తింటానంటే అది పెట్టండి."

తవిటమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "నీ కడుపు సల్లగుండ తల్లీ" అంది. ముసలమ్మ మొహం విచ్చుకుంది. పథ్యం తీసేశారంటే జబ్బు నయమైనట్టేనని ఆమె లెక్క. బస్సులో కూర్చుని మనవరాలికి ఏం వండాలో చెప్పుకుంటూ వచ్చింది. వంజరం పులుసు, కవళ్ళ వేపుడు, కాల్చిన ఉప్పుచేప. దేవి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏడిస్తే అత్తకి తెలిసిపోతుంది, పిల్లకి తెలిసిపోతుంది. ఏడవడానికి కూడా చోటు లేకుండా పోయింది ఆమెకి.

ఇంటికి రాగానే దేవి రేఖ దగ్గర ఫోను తీసుకుని గంగులుకి చేసింది. అదృష్టమో దురదృష్టమో బోటు ఒడ్డునే ఉంది. "బేగి బయల్దేరి వొచ్చీ" అంది. "ఎలాగున్నాది పిల్ల?" అని అతనడిగితే మళ్ళీ అదే మాట అంది. అతను ఆ పూటే రైలెక్కాడు.

నాన్న వస్తున్నాడని అనూరాధకి తవిటమ్మ చెప్పింది. పిల్ల అద్దం తెమ్మంది. ఉబ్బిపోయి కళ్ళు గీతల్లా మిగిలిన తన మొహాన్ని చాలాసేపు చూసుకుని, అద్దం బోర్లించింది.

మర్నాడు పొద్దున్నే తవిటమ్మ ఒడ్డుకి వెళ్ళి మంచి వంజరం ముక్క తెచ్చింది. దేవి వండింది. మట్టి దాకలో చింతపండు పులుసు కాచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మెంతిపొడి వేసి, ముక్కలు జారవిడిచింది. డబ్బా మూత తీసి ఉప్పు వేసింది. నెలల తరబడి ఆ ఇంట్లో ఎవరూ సరైన ఉప్పు వేసుకుని తినలేదు, పిల్ల ముందు తినలేక. పులుసు ఉడికేకొద్దీ ఇల్లంతా ఘుమఘుమలాడింది. మంచం మీద అనూరాధ మోచేతుల మీద లేచి కూర్చుంది. ముక్కు ఎగబీల్చింది.

దేవి గిన్నెలో అన్నం, పులుసు కలిపి, ముల్లు తీసి, మంచం దగ్గరికి తెచ్చింది.

"ఉప్పేసావా?" అంది అనూరాధ.

"ఏసాను. డాక్టరమ్మ తినమంది."

"అబద్ధం."

"నిజమే తల్లీ, నీ మీదొట్టు" అంది తవిటమ్మ. "నా సెవులారా ఇన్నాను. ఏటి తింటానంటే అది ఎట్టమంది."

పిల్ల ఒకసారి నానమ్మ మొహం చూసింది, ఒకసారి తల్లి మొహం చూసింది. గిన్నె వైపు చూసింది. గొంతులో గుటక పడడం దేవికి కనబడింది.

"నాకు తగ్గిపోనాదా మరి?"

అవును అనేస్తే పిల్ల తినేస్తుంది. ఇన్నాళ్ళుగా కలలో కూడా అడుగుతున్న చేపముక్క కడుపారా తింటుంది. ఆ ఒక్క మాట కోసం దేవి నోరు తెరిచింది. తెరిచి, గిన్నెలోని అన్నాన్నే మళ్ళీ కలిపింది.

"తగ్గితే మొహమెందుకు ఇలగున్నాది?" అంది అనూరాధ. చెంప మీద వేలితో నొక్కి చూపించింది. గుంట పడింది. "నాన్న రేపొస్తాడు గదా. నన్ను సూసి ఆనవాలు పట్టలేడు. నాకిది వొద్దు. ఆనపకాయ సెయ్యి."

"ఆనపకాయ నీకు నచ్చదు గదా అమ్మా."

"తింటాను. ఉప్పెయ్యకు. నెత్తళ్ళు ఎయ్యకు. నా ఎదురుగా సెయ్యి."

తవిటమ్మకి అప్పుడు ఏదో అర్థమైనట్టుంది. కోడలి మొహంలోకి చూసింది. అడగబోయింది. అడగలేక, చెంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

దేవి మంచాన్ని వంటగది గుమ్మం దగ్గరికి లాగింది. పులుసు దాక దించి మూత పెట్టి పక్కకి జరిపింది. పక్కింట్లో అడిగి ఒక ఆనపకాయ తెచ్చింది. పిల్ల చూస్తుండగా చెక్కు తీసింది, ముక్కలు కోసింది, మంచినీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. అనూరాధ చూపు తల్లి చేతుల మీదినుంచి కదల్లేదు. దేవి పసుపు వేసేముందు డబ్బా తెచ్చి చూపించింది. పిల్ల తలూపింది. కొత్తిమీర చూపించింది. పిల్ల తలూపింది. కొంగుకి చెయ్యి తుడుచుకోబోతే, "ఆ సెయ్యి కడుక్కో" అంది. దేవి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, రెండు అరిచేతులూ చాపి చూపించింది.

కూర ఉడికింది. వాసనా లేదు, రుచీ లేదు. మెత్తగా చితికిన ముక్కలు, పసుపునీళ్ళు. అన్నంలో కలిపి మొదటి ముద్ద అందించింది దేవి. ఆసుపత్రి రోజు తర్వాత ఆ పిల్ల తల్లి చేతినుంచి తీసుకున్న మొదటి ముద్ద అది. అనూరాధ నాలిక కొనతో తాకి చూసింది. ఉప్పు లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు. మొహమంతా చిట్లించుకుని, తల్లి మోచెయ్యి పట్టుకుని మింగింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. వాంతి వస్తుందేమోనని దేవి గిన్నె వెనక్కి తీసుకోబోయింది. పిల్ల తీసుకోనివ్వలేదు.

రెండో ముద్ద మింగి ఆయాసపడుతూ అడిగింది.

"ఇది తింటే రేపటికి వాపు తగ్గుతాదా?"

"తగ్గుతాది" అంది దేవి.

ఈసారి అనూరాధ నమ్మింది. నమ్మి, ఇంకో ముద్దకి నోరు తెరిచింది.